మంచం పక్క చెక్కలు

విల్ఫ్ ట్రాంటర్‌కి మేకు కొట్టడం రాదు. ఈ మాట అతని వెనకాల కాదు, మొహం మీదే వందసార్లు అన్నాను. అతనూ కాదనేవాడు కాదు. ఉద్యోగమంతా సిటీ బస్సు నడిపిన మనిషి. ఆ చేతుల్లో స్టీరింగు తప్ప మరొకటి నిలిచేది కాదు. సుత్తి ఇస్తే బొటనవేలు వాచేది, రంపం ఇస్తే ప్యాంటు చిరిగేది. అలాంటివాడు కాలువ మీద, సొంతంగా కట్టుకున్న పడవలో కాపురం ఉన్నాడంటే అదంతా నెస్టా చలవ.

నెస్టా అతని భార్య. వేల్స్ కొండల్లోంచి వచ్చిన పిల్ల. బడిలో పిల్లలకి మధ్యాహ్నం భోజనం వడ్డించే పని చేసింది. ఇద్దరూ రిటైరవుతూనే ఉన్న ఇల్లు అమ్మేసి, లోపల ఏమీ లేని ఉత్త ఇనప పడవ కొన్నారు. మా కాలువ పడవలు మీరు చూశారో లేదో, పొడుగ్గా, సన్నగా, రైలు పెట్టెకి తమ్ముళ్లలా ఉంటాయి. లాకుల్లో పట్టాలి కదా, అందుకని ఏడడుగుల వెడల్పు కూడా ఉండదు. వాళ్లు కొన్నదాంట్లో నేల లేదు, గోడల్లేవు, వంటగది లేదు. లోపల పక్కరేకుల నిండా చలి ఆపడానికి కొట్టిన పసుపుపచ్చ ఫోము మాత్రం ఉంది, పొంగిన పిండిలాగా. నెస్టా దానికి తన తల్లి పేరు పెట్టింది, ఓల్వెన్ అని. ఆ పేరు పడవ పక్కన ఎర్రరంగుతో రాసింది నేనే. నా పేరు హెటీ. పడవలకి పేర్లు రాస్తాను, తలుపుల మీద గులాబీలు వేస్తాను. ఆ పని మీద వెళ్లినదాన్ని, వాళ్ల పక్కనే నా పడవ కట్టుకుని ఉండిపోయాను.

వడ్రంగం నెస్టా ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. చేసి చెడగొట్టి, మళ్లీ చేసి నేర్చుకుంది. ఆవిడ కట్టిన మొదటి అల్మరా తలుపు ఆవిడే మూసింది, మళ్లీ ఎవరూ తెరవలేకపోయారు. లోపల పంచదార డబ్బా ఉండిపోయింది. దాన్ని చూసి నేను ఒడ్డున కూర్చుని నవ్వుతుంటే, "నవ్వవే నవ్వు, నీ గులాబీలు క్యాబేజీల్లా ఉన్నాయని ఊరంతా అనుకుంటోంది" అంది.

ఇంట్లో గోడ కట్టినట్టు కాదు పడవలో కట్టడం. నీటి మీద రసమట్టం పని చెయ్యదు. అటుపక్కన ఒక మనిషి నడిస్తే చాలు, బుడగ ఇటు పారిపోతుంది. అందుకని నెస్టా ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా ఒక దారం కట్టింది. అన్ని కొలతలూ ఆ దారం నుంచే. పడవ పక్కలు నిటారుగా ఉండవు, ఒక్కచోట ఉన్న వంపు ఇంకోచోట ఉండదు. కాబట్టి ప్రతి చెక్కకీ ముందు అట్టముక్క కత్తిరించి, ఒంపు సరిపోయేదాకా చెక్కి, అప్పుడు చెక్క మీద గీసేది. వాళ్లింట్లో పొద్దుట తినే కార్న్‌ఫ్లేక్స్ డబ్బాలన్నీ అలా గోడలైపోయాయి. విల్ఫ్ పని టీ పెట్టడం, చెక్క రెండో కొస పట్టుకోవడం, "బాగుంది" అనడం.

నెస్టాకి ఒక పిచ్చి ఉండేది. గోడ మీద ఒక్క మరమేకు తల కూడా కనపడకూడదు. మరమేకు బిగించిన ప్రతి గుంటలోనూ అదే చెక్కతో చేసిన చిన్న బిళ్ల జిగురు పూసి కొట్టేది, చార చారకి కలిసేలా తిప్పి మరీ. తర్వాత నున్నగా తోమితే ఎక్కడ బిగించిందో ఆవిడకే తెలిసేది కాదు. పలకకీ పలకకీ మధ్య కూడా జిగురే.

"పడవలో ఏదీ అలా అంటించెయ్యకూడదే తల్లీ," అని చెప్పాను. "రేపెప్పుడో వెనకాల పైపు కారితే ఏం చేస్తావు?"

"కారనివ్వను."

"కాలువకి చెప్పు ఆ మాట."

"కాలువకీ చెప్తాను, నీకూ చెప్తాను. నా ఇంట్లో నాకు మేకుల మొహాలు కనపడకూడదు, అంతే."

అంత మొండిది. నాకు ఆ మొండితనం నచ్చేది. పోట్లాడటానికి సరైన మనిషి దొరకడం కూడా అదృష్టమే.

అన్నిటికంటే ఆఖరున చేసింది మంచం పక్క గోడ. పడవ ముందు భాగంలో, ఎడమవైపు. అప్పటికే ఆవిడకి ఊపిరితిత్తుల జబ్బు బయటపడింది. నిలబడి చేసే ఓపిక లేక మంచం మీద పక్కకి తిరిగి పడుకుని, గరుకు కాగితంతో చెక్కని తోమేది. ఒక చెయ్యి వెడల్పు తోమి ఆగేది. మళ్లీ ఊపిరి తీసుకుని ఇంకో చెయ్యి వెడల్పు. నేను చేస్తానంటే ఇవ్వలేదు. "నీ చేతికి రంగు పని తెలుసు, చెక్క పని తెలీదు" అంది. ఆ గోడ పూర్తయ్యేసరికి అద్దంలా అయింది. విల్ఫ్ రాత్రి నిద్రపోయే ముందు దాని మీద అరచెయ్యి ఆనించేవాడట. అలా ఆనించకపోతే నిద్ర పట్టడం లేదని ఒకసారి నాతో అన్నాడు, ఆవిడ పోయాక.

జబ్బు రెండేళ్ల పైన సాగింది. ఆ రోజుల్లో పడవ కదల్లేదు. ఆసుపత్రికి దగ్గరగా ఉంటుందని ఊరి చివర ఇనప గట్టుకి కట్టుకుని ఉండిపోయారు. రెండు మూడేళ్లకోసారి పడవని నీళ్లలోంచి పైకి లాగి, కడిగి, అడుగంతా తారు పూయాలి. లేకపోతే తుప్పు తినేస్తుంది. ఇది మా వాళ్లలో చంటిపిల్లాడికి కూడా తెలుసు. విల్ఫ్‌కీ తెలుసు. కానీ పడవని పైకి లాగితే కొన్నాళ్లు యార్డులో నిచ్చెన ఎక్కి దిగాలి. ఊపిరాడని మనిషి చేత నిచ్చెన ఎక్కించమంటారా? నేనూ వాయిదా వెయ్యమనే అన్నాను. ఎడమ పక్క ఆ ఇనప గట్టుకి రాసుకుంటూ, పాత తారు ఊడిపోతూ, నీళ్లు తగిలే చోట తుప్పు తన పని తాను చేసుకుంది.

నెస్టా నవంబరులో పోయింది. తను కట్టిన గోడ పక్కనే పోయింది, ఆసుపత్రిలో కాదు. అంతవరకు ఆవిడ కోరిక తీరింది.

ఆ తర్వాత ఎండలు ముదిరాక ఇన్సూరెన్సు వాళ్ల దగ్గర్నుంచి తాఖీదు వచ్చింది, పడవ పాతబడింది, అడుగు పరీక్ష చేయించి చూపించమని. ఇన్సూరెన్సు లేకపోతే లైసెన్సు ఇవ్వరు. లైసెన్సు లేకపోతే కాలువ మీద ఉండనివ్వరు. విల్ఫ్‌కి ఓల్వెన్ తప్ప తల దాచుకునే చోటు లేదు. అందుకని నేను ముందు నడిచి లాకులు తిప్పుతుంటే, అతను వెనకాల పడవ నడుపుతూ డెన్‌జిల్ యార్డుకి చేరాం. డెన్‌జిల్ వెల్డింగు మనిషి, మా అబ్బాయి వయసు వాడు, నిజాయితీపరుడు. పడవని పైకి లాగారు. సర్వేయరు వచ్చి ఇనుము మీద సుత్తితో కొట్టుకుంటూ, మిషను ఆనించి మందం చూసుకుంటూ చుట్టూ తిరిగాడు. అంతటా బాగానే ఉంది. మంచం పక్కన మాత్రం, మంచమంత పొడవున, ఇనుము కాగితంలా పల్చబడిపోయింది. అతను సుద్దముక్కతో దాని చుట్టూ ఒక పెద్ద గీత గీసి వెళ్లిపోయాడు.

డెన్‌జిల్ ఆ గీత ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కొత్త రేకు పైన వేసి చుట్టూ వెల్డింగు చేస్తే గట్టిపడుతుంది పెద్దాయనా. ఇంకో ఇరవై ఏళ్లు చూసుకోనక్కర్లేదు. కానీ లోపల ఆ వైపు చెక్కలన్నీ తీసెయ్యాలి. వెనక ఉన్న ఫోము కూడా గీకెయ్యాలి, శుభ్రంగా, ఇనుము కనపడేదాకా."

"ఎందుకు?" అన్నాడు విల్ఫ్.

"ఎందుకేంటి? బయట వెల్డింగు చేస్తే లోపల రేకు ఎర్రగా కాలుతుంది. ఆ ఫోము అంటుకుంటే మనిషి బయటపడేలోగా పడవ అయిపోతుంది. దాని పొగ మంచిది కాదు."

"చెక్కలు తీయకుండా కుదరదా?"

"కుదరదు. తీస్తే చేస్తా, లేకపోతే వేరేవాణ్ణి చూసుకోండి. వేరేవాడు కూడా ఇదే చెప్తాడు."

ఆ రోజు సాయంత్రం మేమిద్దరం ఆ మంచం మీద మోకాళ్ల మీద కూర్చున్నాం, ఉలి పట్టుకుని. పరుపు తీసేశాం. నేను అనుకున్నది ఏంటంటే, బిళ్లలు ఒక్కొక్కటీ పెకలించి మరమేకులు విప్పితే చెక్కలు క్షేమంగా ఊడొస్తాయి, వెల్డింగు అయ్యాక మళ్లీ బిగించుకోవచ్చు అని. ముందు బిళ్ల ఎక్కడుందో కనిపెట్టడానికే తల ప్రాణం తోకకొచ్చింది. నెస్టా పని అది. వేలి గోరుతో తడుముతూ తడుముతూ ఒకటి దొరకబుచ్చుకుని ఉలి ఆనించి కొట్టాను. బిళ్ల రాలేదు. బిళ్లతో పాటు చెక్క చార వెంబడి చిట్లి, జానెడు పేడు లేచింది.

విల్ఫ్ నా మణికట్టు పట్టుకున్నాడు. అంత గట్టిగా పట్టుకుంటాడని నేను అనుకోలేదు.

"ఆపు హెటీ."

"ఒకటి పోతే పోయింది, మిగతావి..."

"మిగతావీ ఇంతే. అన్నీ అంటించేసింది. తీస్తే ముక్కలే వస్తాయి."

"వస్తే వస్తాయి! కింద ఇనుము పోతే ఈ చెక్క ఎక్కడ నిలబెట్టుకుంటావయ్యా, నెత్తి మీదా? నెస్టా ఉంటే ఈపాటికి ఇవన్నీ ఊడబెరికి పొయ్యిలో పెట్టి టీ కాచుకునేది."

"నెస్టా ఉంటే మళ్లీ కట్టుకునేది," అన్నాడు అతను. "నేను కట్టలేను."

చిట్లిన చోట అతను బొటనవేలితో ఆ పేడుని వెనక్కి నొక్కుతూ కూర్చున్నాడు, దెబ్బ తగిలిన పిల్లాడి మోకాలు నొక్కినట్టు. నాకు జాలి వేసింది, కోపమూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే నేను కోపాన్నే బయటపెడతాను. పోయిన మనిషి చెక్కల్లో ఉండదని, ఉన్న మనిషి గట్టు మీద డేరా వేసుకుని బతకలేడని నాలుగు చివాట్లు పెట్టాను. విల్ఫ్ అన్నీ విన్నాడు. చివరికి తలూపాడు.

"సరే. తీసేస్తాను. కానీ నువ్వు ఉండొద్దు. నేనొక్కణ్ణే తీస్తాను. నా భార్య పని, నేనే తీస్తాను."

న్యాయంగానే అనిపించింది. నేను నా పడవకి వెళ్లిపోయాను. మర్నాడు పగలంతా ఓల్వెన్‌లోంచి సుత్తి దెబ్బలు వినపడ్డాయి, రంపం చప్పుడు వినపడింది. మధ్యలో ఒకసారి తిట్టుకోవడం కూడా. సాయంత్రానికి పడవ పక్కన నేల మీద చెక్కల కుప్ప, దాని మీద నీలం పట్టా కప్పి ఉంది. విల్ఫ్ వేలికి గుడ్డ చుట్టుకుని నిచ్చెన దిగాడు. అది చూసి నేను అటు వెళ్లలేదు. ముక్కలైన నెస్టా పనిని పట్టా ఎత్తి చూడటానికి నాకు మాత్రం మనసెలా ఒప్పుతుంది? రొట్టె, సూపు తీసుకెళ్లి ఇచ్చాను. అతను నా కళ్లలోకి చూడలేదు. ఏడ్చి ఉంటాడు అనుకున్నాను.

మరుసటి ఉదయం డెన్‌జిల్ వచ్చాడు.

"ఒలిచేశారా పెద్దాయనా?"

"ఒలిచేశాను," అన్నాడు విల్ఫ్.

డెన్‌జిల్ కుప్ప వంక చూశాడు. నిచ్చెనెక్కి ముందు తలుపులోంచి లోపలికి తొంగి చూశాడు. ఎడమవైపు పైనుంచి కిందిదాకా తడిపిన దుప్పట్లు వేలాడుతున్నాయి, నిప్పురవ్వలు పడకుండా. కింద నీళ్ల బకెట్లు, మగ్గు. మా దగ్గర పద్ధతి అదే, బయట వెల్డింగు జరుగుతున్నంతసేపూ లోపల ఒక మనిషి కాపలా కూర్చోవాలి. "నేనే కూర్చుంటా" అన్నాడు విల్ఫ్. ఇంత ఏర్పాటు చూసి డెన్‌జిల్ మెచ్చుకున్నాడు కూడా. "బస్సు డ్రైవరంటే ఇలా ఉండాలి" అన్నాడు.

నేను యార్డు రెండో చివర ఎవరిదో తలుపుకి గులాబీలు వేస్తున్నాను. వెల్డింగు వెలుగు గోడల మీద మెరుస్తోంది. చాలాసేపు అంతా మామూలుగానే ఉంది. డెన్‌జిల్ సుద్ద గీత వెంబడి పైవరస వెల్డింగు పూర్తిచేసి, పక్క వరస మొదలుపెట్టాడు. అప్పుడు వాసన వచ్చింది. ఇనుము వాసన కాదు, తారు వాసన కాదు, ముక్కులోకి సూదిలా దిగే వాసన. తలెత్తేసరికి ఓల్వెన్ ముందు తలుపులోంచి నల్లటి పొగ, తాపీగా, పైకి కాకుండా పక్కకి పాకుతూ వస్తోంది.

"విల్ఫ్!" అని అరిచాను. కుంచె ఎక్కడ పడేశానో తెలీదు.

డెన్‌జిల్ నాకంటే ముందే నిచ్చెన మీద ఉన్నాడు. లోపల కనపడటం లేదు. నేను పక్క కిటికీ తలుపు తెరిచి చెయ్యి చాపాను. పొగలోంచి మగ్గుతో నీళ్లు కొడుతున్న చప్పుడు వినపడింది. నీళ్లు కొట్టడం, దగ్గడం, మళ్లీ కొట్టడం. గోడ మీద కొడుతున్నాడు. గోడ ముందు వైపు తడిసి ముద్దయి ఉంది, మంట గోడ వెనకాల ఉంది. ఆ మంటని అతను చూడనైనా చూడలేదు. డెన్‌జిల్ నేల మీద పాకి వెళ్లి కాళ్లు పట్టుకుని లాగితే, అతను మంచం కోడు పట్టుకుని వదల్లేదట. చివరికి వదిలించి కిటికీ దాకా తెచ్చాడు. నేను చంకల కింద చేతులు వేసి బయటికి లాగాను. వెనకే డెన్‌జిల్ దూకాడు, ముగ్గురం కలిసి కింద పడ్డాం.

మేం లేచేసరికి కిటికీ అద్దాలు పేలుతున్నాయి. ఒక వైపు ఫోము నుంచి ఇంకో వైపు ఫోముకి, కప్పుకి, వంటగదికి మంట పరుగెత్తింది. తెరుచుకోని ఆ పాత అల్మరా, దారం పట్టి కొలిచిన గోడలు, అన్నీ. ఫైరింజను ఇరుకు సందులోంచి వచ్చేసరికి ఆర్పడానికి ఏమీ మిగల్లేదు. ఇనుము మాత్రం వేడిగా, టిక్కు టిక్కుమంటూ నిలబడి ఉంది.

ఆ తర్వాత డెన్‌జిల్ వెళ్లి నీలం పట్టా లాగేశాడు. కింద ఉన్నవి యార్డు వెనకాల పడేసిన సరుకుల పెట్టెల చెక్కలు. వాటి మీద ఏదో సిమెంటు కంపెనీ ముద్ర ఇంకా కనపడుతోంది. మేకు కొట్టడం రానివాడు రోజంతా కూర్చుని, వేలు కోసుకుని, వాటిని గోడ పలకల కొలతకి కోశాడు, నమ్మకంగా ఉండాలని. మొత్తం బతుకులో విల్ఫ్ చేసిన వడ్రంగం అదొక్కటే.

డెన్‌జిల్ వాటి ముందు చతికిలబడి పిల్లాడిలా ఏడ్చాడు. "దుప్పటి ఎత్తి చూడాల్సింది. ఒక్క దుప్పటి ఎత్తి చూస్తే సరిపోయేది" అంటూనే ఉన్నాడు.

ఆసుపత్రిలో విల్ఫ్ ముక్కుకి గొట్టం పెట్టారు. మాట గరగరమంటోంది. నేను తిట్టాలనే వెళ్లాను. దారంతా తిట్లు కూడగట్టుకుంటూ వెళ్లాను. మంచం పక్కన కూర్చున్నాక ఒక్కటీ గుర్తురాలేదు.

"చేత్తో చూస్తూనే ఉన్నాను హెటీ," అన్నాడు. "దుప్పటి కింద నుంచి అరచెయ్యి ఆనించి కూర్చున్నాను. వేడెక్కితే తెలుస్తుంది కదా, తెలియగానే డెన్‌జిల్‌ని ఆపమందామని. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది ఆ చెక్క?"

"మరి తెలిసిందా?"

"వెచ్చబడింది. కొంచెమే. ఆవిడ నాకంటే ముందు లేచి వెళ్లిన పూట పక్క వెచ్చగా ఉంటుందే, అంతే. ఆపమనడానికి నోరు తెరిచేలోపు కింద నుంచి పొగ వచ్చింది."

నాకు దుఃఖం ఆగలేదు. అతని మీద కోపం కూడా ఆగలేదు. "చచ్చిపోయేవాడివి కదరా ముసలాడా" అన్నాను. అతను అందులో తప్పేముంది అన్నట్టు పైకప్పు వంక చూశాడు. ఆ చూపు చూసి నేను నర్సుని పిలిచి, ఇతన్ని ఒంటరిగా ఉంచకండి అని చెప్పి మరీ వచ్చాను.

డెన్‌జిల్ రేకు పని పూర్తిచేశాడు. ఎవరూ అడక్కుండానే, వేడికి వంకరపోయిన కప్పు కోసి కొత్తది వేశాడు. బూడిద ఎత్తిపోశాడు. సర్వేయరు మళ్లీ వచ్చి సుత్తితో కొట్టుకుంటూ చుట్టూ తిరిగి, అడుగు దివ్యంగా ఉంది అన్నాడు. ఇనుము నిలిచింది. విల్ఫ్ దాన్ని ఒకసారి లోపలికి ఎక్కి చూశాడు. నల్లటి గొట్టం. మాట్లాడితే మాట తిరిగి వస్తోంది. దిగి వచ్చి, "అమ్మెయ్యి హెటీ, నాకొద్దు" అన్నాడు. ఆ చలికాలం నా పడవ ముందు గదిలో ఉన్నాడు. తర్వాత ఊళ్లో వయసు మళ్లినవాళ్లకి ఇచ్చే ఒక గది దొరికింది. కిటికీలోంచి బస్టాండు కనపడుతుంది. అది మంచిదో చెడ్డదో నాకు తెలీదు.

వసంతంలో ఒక జంట పడవ చూడటానికి వచ్చారు. కార్లా, రోరీ. పాతికేళ్ల పిల్లలు, కొలత టేపు జేబులో పెట్టుకునే వచ్చారు. విల్ఫ్ రానన్నాడు కానీ, కాగితాల మీద సంతకం అతనే చెయ్యాలి, నేను వెంటబెట్టుకుని వచ్చాను. కార్లా నిచ్చెనెక్కి లోపలికి అడుగు పెట్టగానే, "అబ్బ, ఎంత ఖాళీగా ఉందో!" అంది. "ఇప్పటిదాకా చూసినవన్నీ ఎవరెవరివో పాత చెక్కలతో నిండిపోయి ఉన్నాయి. పీకి పారెయ్యడానికే ఏడాది పట్టేది. ఇదైతే హాయిగా మాకు నచ్చినట్టు కట్టుకోవచ్చు."

నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఆ పిల్ల మొహం చూస్తే ఏమీ అనలేకపోయాను. కొత్త పడవలో నిలబడ్డప్పుడు అందరి మొహాలూ అలాగే వెలుగుతాయి. నెస్టాదీ అలాగే వెలిగింది. రోరీ ఆ అమ్మాయి చెవిలో ఏదో చెప్పాడు, తగలబడిన సంగతి కాబోలు. కార్లా నాలుక కరుచుకుని గబగబా దిగి వచ్చింది.

"క్షమించండి సార్. నాకు తెలీదు. మీరే కట్టారా లోపలంతా?"

"నా భార్య," అన్నాడు విల్ఫ్.

"అంతా ఆవిడేనా! ఏం చెక్క వాడారు? మేం దేంతో కట్టాలా అని తల బద్దలు కొట్టుకుంటున్నాం. తడికి తట్టుకునేది కావాలి."

ఆ అమ్మాయి మర్యాదకి అడగలేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. విల్ఫ్ మొహంలోకి చాలా నెలల తర్వాత కొంచెం ప్రాణం వచ్చింది. ఆవిడ గురించి, ఆవిడ పని గురించి ఒకరు అడిగారు మరి.

"మొదట్లో లేతగా ఉండేది," అన్నాడు. "కొన్నాళ్లకి ఎరుపెక్కింది. ఏటేటా ఇంకొంచెం ఎరుపు. మంచులో కూడా చేతికి చల్లగా తగిలేది కాదు. ఒకచోట చిన్న ముడి ఉండేది, దిండుకి కాస్త పైన, బఠాణీ గింజంత..."

"అవునా! ఏ చెక్క అది?"

విల్ఫ్ నోరు తెరిచాడు. ఓల్వెన్ వైపు చూశాడు, నేల వైపు చూశాడు, తర్వాత నా వైపు తిరిగాడు. ఆ కళ్లలో ఉన్నది భయమని నాకు కాసేపటికి గానీ అర్థం కాలేదు.

ఆ చెక్క కొనడానికి నెస్టాతో రంపం మిల్లుకి వెళ్లింది నేనే. పలక పలకనీ వాసన చూసి మరీ ఏరుకుంది ఆవిడ.

"చెర్రీ," అన్నాను.

"చెర్రీ," అన్నాడు విల్ఫ్, ఆ మాట మొదటిసారి వింటున్నట్టు. కార్లా ఫోను తీసి రాసుకుంది. రోరీ అప్పటికే పక్కరేకు పొడవున టేపు లాగుతున్నాడు.

"నాకు చెప్పలేదా హెటీ ఆవిడ?"

"చెప్పే ఉంటుంది."

"చెప్పే ఉంటుంది," అన్నాడు. నిచ్చెన కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. "రోజూ రాత్రి దాని మీద చెయ్యి వేసుకుని పడుకున్నాను. అదేం చెట్టని ఒక్కసారి కూడా ఆవిణ్ణి అడగలేదు."